ఒక చదరపు మీటరు సముద్రం

బండమీదూరు జిల్లాకు సముద్రం లేదు. ఈ సంగతి ఆ జిల్లాలో మేకలకు కూడా తెలుసు. ఎటు చూసినా గుట్టలు, గుట్టల నడుమ వేరుశనగ చేలు, చేలల్లో ఎండిపోయిన బోర్లు. ఏ దిక్కు బస్సెక్కినా అల చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం. అయినా జిల్లా కేంద్రంలో తీర పరిరక్షణ కార్యాలయం ఉంది. ఒక జిల్లాకు ఉన్న శాఖ ఇంకొక జిల్లాకు లేకపోవడం వివక్ష అవుతుందని పెద్దలెవరో గట్టిగా నమ్మిన ఏడాది అది వెలిసింది.

దానికి అధికారి కూర్మనాథం గారు. విశాఖ దాటాక సముద్రపొడ్డున ఒక పల్లెలో పుట్టిన మనిషి. ఇక్కడికి వచ్చి మూడేళ్ళయింది. నెలనెలా నివేదిక తప్పకుండా పంపేవారు. తీరం పొడవు: లేదు. ఆక్రమణలు: లేవు. ఒడ్డున చెత్త: లేదు. రాష్ట్రంలో ఒక్క ఆక్రమణ కూడా లేని తీరం ఇదొక్కటే కావడంతో రెండేళ్ళు వరసగా ఉత్తమ తీరం బహుమతి బండమీదూరుకే వచ్చింది. మూడో ఏడు పై కార్యాలయంలో ఎవరో పని లేక గోడ మీది రాష్ట్ర పటం చూశారు. వెంటనే ఉత్తరం వచ్చింది. మార్చి నెలాఖరులోగా తీరం చూపించవలెను, చూపించలేని పక్షంలో కార్యాలయం మూసివేయబడును.

అదే మార్చి నెలలో మోటార్ల తిప్పేస్వామి తన అక్వేరియం పెద్దది చేశాడు.

తిప్పేస్వామిది బోరు మోటార్లకు వైండింగు చుట్టే పని. నాలుగు వందల అడుగుల కింద నీళ్ళున్నాయో లేవో తెలియని మనుషుల మధ్య బతుకు. ఆరేళ్ళ కిందట రాగి తీగ కొనడానికి చెన్నై వెళ్ళి, అక్కడ ఒక వ్యాపారి ఇంట్లో గాజు తొట్టిలో పగడాలు చూశాడు. ఏ మోటారు మొరాయింపూ లేకుండా, ఎవరూ తిట్టుకోకుండా, నీలం వెలుతురులో నీళ్ళు కదులుతున్నాయి. అతను అరగంట అక్కడే నిలబడ్డాడు. వ్యాపారి జాలిపడి తన తొట్టిలో పెరిగిన ఒక పగడం ముక్క విరిచి కవరులో వేసి ఇచ్చాడు. వక్కంత ముక్క.

ఆ వక్కంత ముక్క ఆరేళ్ళలో కొబ్బరి చిప్పంత అయింది. మెదడులా మడతలు మడతలుగా, లేత చింతాకు రంగులో ఉంటుంది. మెదడు పగడం అంటారు. దాని పక్కకు రెండో ఏట ఇంకొకటి వచ్చింది. కొసలు చిన్న చిన్న సుత్తుల్లా ఉంటాయి కనుక అది సుత్తి పగడం. పగడాలు చూడటానికి పూలే. పొరుగు సంగతి వచ్చేసరికి దాయాదులు. రెండడుగుల తొట్టిలో చోటు చాలక సుత్తి పగడం తన సుత్తులు చాచి మెదడు పగడాన్ని కాల్చడం మొదలుపెట్టింది. మధ్యలో గాజు పలక అడ్డం పెడితే పైనుంచి వంగి కాల్చింది. తాకిన చోటల్లా ఆకుపచ్చ పోయి తెల్లటి ఎముక తేలుతోంది. గోరంత మచ్చ వారంలో బొటనవేలంత అయింది. ఇంకొక నెల పోతే మిగిలేది రాయి.

అందుకని నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టి చేయించాడు. దాన్ని ఆటోలోంచి దించి ఇంట్లోకి మోయడానికి ఎనిమిది మంది పట్టారు. ఇంటామె గంగరత్న గడపలో నిలబడి చూసింది.

"తాగే నీళ్ళు నాలుగు దినాలకొగసారి వస్తాండాయి. నువ్వేమో ఇంట్లో సముద్రం పెద్దది జేస్తా ఉండావు."

"ఉప్పునీళ్ళు గంగా. తాగేదానికి పనికిరావు."

"అదే నేను గూడా చెప్తాండ."

తొట్టి నింపి, ఉప్పు కలిపి, ఇసుక పరిచి, అల పుట్టించే మోటారు పెట్టి రెండు వారాలు ఆగాడు. కొత్త నీళ్ళు పగడాలకు పడతాయో లేదో చూడటానికి నిమ్మకాయంత బొత్తాం పగడం ఒకటి ముందుగా అందులో దించాడు. నాలుగో రోజు అది విచ్చుకుంది. ఆదివారం మిగతావన్నీ మార్చాలనుకున్నాడు.

తొట్టి మోసిన ఎనిమిది మందిలో మద్దిలేటి ఒకడు. అదే వీధి మనిషి, తీర పరిరక్షణ కార్యాలయంలో అటెండరు. శుక్రవారం పొద్దున కూర్మనాథం గారు పై ఉత్తరాన్ని నాలుగోసారి చదివి తల పట్టుకుని కూర్చుంటే, అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు.

"సార్, ఒగ మాట. మా వీధిలో సముద్రముండాది."

కూర్మనాథం గారు తల ఎత్తలేదు. "ఎప్పట్నుంచి?"

"ఆరేండ్లయింది సార్. ఇబ్బుడు పెద్దది జేసినాడు మా తిప్పన్న."

కొలతలు విన్నాక ఆయన కంప్యూటరు తెరిచారు. తీరప్రాంత విస్తీర్ణం చదరపు మీటర్లలో రాయవలసిన గడి దశాంశాలను తీసుకోదు. సగానికి తక్కువైతే సున్నా చేస్తుంది, సగం దాటితే ఒకటి చేస్తుంది. పాత తొట్టి కొలత కొడితే సున్నా వచ్చింది. కొత్త తొట్టి కొలత కొట్టారు. ఒకటి వచ్చింది.

మూడేళ్ళలో ఆ గడిలో సున్నా కాని అంకె పడటం అదే మొదలు.

మధ్యాహ్నానికల్లా జీపు తిప్పేస్వామి ఇంటి ముందు ఆగింది. కూర్మనాథం గారు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డారు. తరువాత చూపుడు వేలు నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచాక నియమావళి అందుకున్నారు.

"ఉప్పునీరు ఉన్నది. అల ఉన్నది. సజీవ పగడపు దిబ్బ ఉన్నది. నియమావళి నాలుగో నిబంధన ప్రకారం ఈ మూడూ గల జలరాశి విస్తీర్ణం సున్నాకు మించి ఉన్నచో అది తీరము. దీనిని దేవుడు నిర్మించాడా, మోటారు మెకానిక్కు నిర్మించాడా అని విచారించే అధికారం మాకు లేదు."

తిప్పేస్వామి ఒకసారి తొట్టిని, ఒకసారి ఆయన్ను చూశాడు. "తీరమైతే ఏమైతాది సార్?"

"అభినందనలు. మీరు ఈ జిల్లాలో మొట్టమొదటి తీరవాసి."

అతను సిగ్గుపడ్డాడు. గంగరత్న లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

శనివారం నోటీసు వచ్చింది. తీరం నుంచి రెండు వందల మీటర్ల లోపల ఎటువంటి కట్టడమూ ఉండరాదు. తిప్పేస్వామి ఇల్లు తీరానికి ఎంత దూరంలో ఉందో కొలవబోతే దూరమే దొరకలేదు. కాబట్టి పదిహేను రోజుల్లో ఇల్లు తొలగించుకోవలెను. కూర్మనాథం గారు తామే వచ్చి దాన్ని చదివి వినిపించారు.

"సార్, ఈ ఇల్లు మా నాయన కట్టింది. ముప్పై ఏండ్లయింది. తొట్టి వచ్చి నెల గూడా కాలేదు."

"చట్టం దృష్టిలో తీరం ఎప్పుడూ ముందుది, ఇల్లు ఎప్పుడూ తరువాతది. పైగా మీరు సముద్రాన్ని ఇంటి లోపల పెట్టుకున్నారు. దానికి నియమావళిలో శిక్ష లేదు, ఇంతవరకు ఎవరూ ఆ పని చేయలేదు కనుక. అందువలన సాధారణ ఆక్రమణగానే పరిగణిస్తున్నాము. ఇది మా ఉదారత."

రెండు వందల మీటర్ల లోపలే వీధి మొత్తం ఉంది. దాన్ని రెండో విడతలో చేర్చారు. కార్యాలయం కూడా నూటయాభై మీటర్లలోనే ఉంది. దాని దూరాన్ని మాత్రం బస్టాండు మీదుగా తిరిగి కొలిచి ఎనిమిది వందల మీటర్లని రాసుకున్నారు.

తిప్పేస్వామి చూపు ఇదంతా వదిలి పాత తొట్టి వైపే పోతోంది. "సార్, ఆ పగడాలు దీంట్లోకి మార్చుకోవాల. రేపు మారుస్తా. ఆ పచ్చది కాలిపోతా ఉండాది."

కూర్మనాథం గారి ముఖం గంభీరమైంది. "పగడాల రవాణా నిషిద్ధం. పగడం అంటిన ఏ రాయీ ఉన్నచోటి నుంచి కదలరాదు."

రెండు తొట్లకూ టేపు చుట్టి, లక్క వేసి, ముద్ర కొట్టారు. మేత వేయడానికి పైన అరచేయి పట్టేంత సందు వదిలారు. మద్దిలేటిని కాపలా పెట్టారు. అతను గంగరత్న వేసిన కుర్చీలోనే కూర్చుని, గంగరత్న పెట్టిన అన్నమే తింటూ, తిప్పేస్వామి మీద నిఘా ఉంచాడు.

బుధవారానికి తెల్లమచ్చ బిస్కెట్టంత అయింది. తిప్పేస్వామి అంగడికి పోవడం మానేశాడు. పీట వేసుకుని గాజు ముందు కూర్చునేవాడు. ఇల్లు పోతుందన్న దిగులు గంగరత్నది. మొగుడు ఇల్లు పోతుందని కాకుండా పగడం పోతుందని దిగులు పడుతున్నాడన్నది ఆమెకు రెండో దిగులు. గురువారం ఆమే కార్యాలయానికి నడిచింది.

"ఏం లేదు సార్. ఆ నీళ్ళు మోరీలో పారబోస్తాం. సముద్రముండదు. మీకూ మాకూ పీడ పోతాది."

కూర్మనాథం గారు నిజంగానే భయపడ్డారు. "అమ్మా, ఆ మాట బయట అనకండి. తీరాన్ని ఆక్రమిస్తే ఇల్లు పోతుంది, అంతే. సముద్రాన్ని ఎండగడితే ఏడేళ్ళు. బెయిలు కూడా ఉండదు."

"మీ ఆఫీసు నిలబడేదానికి మా ఇల్లు పడగొట్టాల్నా?"

"ఆఫీసు నా కోసం కాదమ్మా. తీరం కోసం."

"యాడుండాది మీ తీరం?"

"మీ ఇంట్లో."

గంగరత్న ఆయన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "మీరు మజ్జిగ తాగినబ్బుడు మంచోళ్ళే అనుకున్నా సార్," అని లేచి వచ్చేసింది.

ఇంట్లో మద్దిలేటి కుర్చీలో కూర్చుని నియమావళి తిరగేస్తున్నాడు. మూడేళ్ళుగా ఆ కార్యాలయంలో చదవడానికి అదొక్కటే పుస్తకం. దానిలో అతనికి రానిది లేదు. గంగరత్న ముఖం చూసి గొంతు తగ్గించాడు.

"వదినా, పదిహేడో నిబంధన ఒగటుండాది. చేపలు పట్టి బతికేటోళ్ళు ఒడ్డున ఇల్లు పెట్టుకోవచ్చు. వాళ్ళ ఇండ్లు కొట్టేదానికి లేదు."

"మీ అన్న మోటార్లు చుడతాడు."

"సర్టిపికేటిస్తే చేపలూ పడతాడు."

"ఈ ముక్క శనివారమే చెప్పింటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"నేను కాపలా మనిషిని గదా వదినా. అడగందే ఎట్ల చెప్పేది?"

సాయంత్రమే దరఖాస్తు పెట్టారు. గంగరత్న అనుకున్నట్టు కూర్మనాథం గారు కోప్పడలేదు. ఆయన కళ్ళు మెరిశాయి. వట్టి తీరం కన్నా మత్స్యకారుడు ఉన్న తీరం నివేదికలో నిండుగా కనిపిస్తుంది. కానీ ధ్రువపత్రం ఊరికే రాదు. దరఖాస్తుదారుడు ముగ్గురు సభ్యుల కమిటీ సమక్షంలో తీరజలాల్లో చేప పట్టి చూపించవలెను.

అక్కడే ముడి పడింది. కొత్త తొట్టి తీరం, దాంట్లో చేప లేదు. పాత తొట్టిలో చేప ఉంది, నారింజ రంగు మీద తెల్ల చారలున్నది, గంగరత్న బుడ్డప్ప అని పిలిచేది. కానీ పాత తొట్టి విస్తీర్ణం సున్నా. సున్నాలో పట్టిన చేప తీరజలాల్లో పట్టినట్టు ఎలా అవుతుంది?

కూర్మనాథం గారు రెండు రోజులు ఆలోచించి, తమ ఊరి ఉప్పుటేరును గుర్తు తెచ్చుకున్నారు. సముద్రం నీళ్ళు లోపలికి వచ్చి పోయే పాయ ఉప్పుటేరు. దానిలో పట్టినా సముద్రంలో పట్టినట్టే లెక్క. "పాత తొట్టిని ఉప్పుటేరుగా గుర్తిస్తున్నాము. అయితే సముద్రానికీ దానికీ మధ్య నీరు పారవలెను. రెండూ కలిసే నోటిని మొగ అంటారు. ఆ మొగ తెరిపించండి," అని ఉత్తర్వు ఇచ్చారు.

తిప్పేస్వామి మేత సందుల్లోంచి రెండు తొట్ల మధ్య అంగుళం పైపు వేసి, చిన్న మోటారుతో నీళ్ళు అటూ ఇటూ తిప్పాడు. పగడాలను కొత్త నీళ్ళకు అలవాటు చేయాలంటే మొదట చేయవలసింది సరిగ్గా అదే. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. ఇంట్లో కూడా అనలేదు.

సోమవారం కమిటీ వచ్చింది. కూర్మనాథం గారు, చేపల శాఖ ఇన్‌స్పెక్టరు ఒకాయన, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఒకాయన. అప్పటికి మెదడు పగడంలో మూడో వంతు తెల్లబడింది. మద్దిలేటి పంచనామా రాసి పాత తొట్టి ముద్ర విప్పాడు. తిప్పేస్వామి వల గరిటె నీళ్ళలో పెట్టాడు.

బుడ్డప్ప సుత్తి పగడంలోకి దూరింది. అటు పోతే ఇటు వచ్చింది. ఇటు వస్తే రాతి కింద దూరింది. పావుగంట అయింది. అరగంట అయింది.

"ఎడమ వైపు నుంచి తరమండి," అన్నాడు చేపల శాఖ ఇన్‌స్పెక్టరు. ఆయన ఉద్యోగమంతా రొయ్యల చెరువుల లైసెన్సుల మీద గడిచింది.

"గాలం వేస్తే?" అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు.

"ఏం సార్, మీ ఇంట్లో పిల్లి తప్పిపోతే గూడా గాలమేస్తారా?" అంది గంగరత్న వంటింటి గుమ్మంలోంచి. ఆయన ఫైలు తెరిచి అందులో తల దూర్చాడు.

తిప్పేస్వామి వల బయటికి తీశాడు. "రాళ్ళు తీయందే ఇది చిక్కదు సార్."

అది అబద్ధం కాదు. అక్వేరియం పెట్టిన వాళ్ళెవరిని అడిగినా అదే చెబుతారు. అయినా ఆ మాట అంటున్నప్పుడు అతను ఎవరి ముఖమూ చూడలేదు.

కూర్మనాథం గారు నుదురు చిట్లించారు. "తీసిన రాయి ఎక్కడ పెడతారు?"

"నేల మీద పెడితే పగడం చస్తాది సార్."

"పగడాన్ని చంపుట నేరం."

"అయితే ఉప్పునీళ్ళలో పెట్టాల."

అందరి తలలూ నెమ్మదిగా కొత్త తొట్టి వైపు తిరిగాయి. ఊళ్ళో ఉప్పునీళ్ళు అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు.

"రవాణా నిషిద్ధం," అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, మాట పడ్డ కసితో.

మార్చి నెలాఖరుకు రెండు రోజులుంది. కూర్మనాథం గారు గోడ మీది క్యాలెండరు చూశారు, చేపను చూశారు, గొంతు సవరించుకున్నారు.

"ఒక ప్రదేశం నుంచి మరొక ప్రదేశానికి ఉద్దేశపూర్వకంగా చేర్చిన యెడల రవాణా అగును. ఇక్కడ ఉద్దేశం రాయి కాదు, చేప. కావున ఇది వేటకు అడ్డంకుల తొలగింపు. రాయండి మద్దిలేటీ."

మద్దిలేటి రాశాడు. రెండో తొట్టి ముద్ర కూడా విప్పాడు.

తిప్పేస్వామి మొదట సుత్తి పగడాన్ని రెండు చేతులతో ఎత్తి కొత్త తొట్టిలో కుడి చివరకు చేర్చాడు. దాని రాయి దొర్లకుండా ఇసుకలో కుదురు చేస్తూ మోచేతుల దాకా నీళ్ళలో ఉండిపోయాడు. పాత తొట్టిలో ఆధారం పోయిన మెదడు పగడం ఒక పక్కకు ఒరగసాగింది. అతను చేతులు తీయలేడు. తీస్తే ఇది దొర్లుతుంది, తీయకపోతే అది పడుతుంది.

"సార్, అది పట్టుకోండి. ఆ పచ్చది. కింద నుంచి పట్టుకోండి, పైన తాకొద్దండి."

కూర్మనాథం గారు చొక్కా చేతులు మడుచుకోవడం కూడా మరిచి రెండు చేతులూ ముంచారు. నీళ్ళు కారుతున్న పగడాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, గదిలో మూడడుగులు నడిచి తీరానికి చేరారు.

"యాడ పెట్టమంటారు?" అన్నారు. మూడేళ్ళలో ఆయన నోట ఆ జిల్లా మాట రావడం అదే మొదటిసారి.

"ఎడం పక్క, కింద. సుత్తికి దూరంగా. ఇంకొంచెం. ఇంకొంచెం సార్. తెల్లమచ్చ వెలుతురు దిక్కు తిప్పొద్దండి. ఆ, అంతే. ఇడవండి."

గెజిటెడ్ అధికారి ఒకాయన తాను చెప్పినట్టు చేయడం తిప్పేస్వామి జీవితంలో ఎన్నడూ ఎరగడు. అది అతనికి ఆ తరువాత గాని గుర్తుకు రాలేదు. అప్పుడు మాత్రం రెండు పగడాల మధ్య ఉన్న దూరాన్నే చూస్తున్నాడు. మూరెడు పైనే ఉంది. ఎంత చాచినా ఏ సుత్తీ అందదు.

రాళ్ళన్నీ అయ్యేసరికి పాత తొట్టిలో దాక్కునే చోటు మిగల్లేదు. బుడ్డప్ప నాలుగు మూలలూ తిరిగి, ఇక చేసేదేమీ లేదన్నట్టు తనంతట తానే వలలోకి వచ్చింది. పట్టు: ఒకటి. చిన్న చేపలను తిరిగి సముద్రంలో వదలవలెనన్న నిబంధన ప్రకారం దాన్ని కొత్త తొట్టిలో వదిలారు. కమిటీ సంతకాలు పెట్టింది. కూర్మనాథం గారు తడిసిన చేతులను వెంటనే తుడుచుకోలేదు. జీపెక్కేటప్పుడు కూడా అరచేతిని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోవడం గంగరత్న చూసింది.

మత్స్యకార ధ్రువపత్రం వచ్చింది, ఇల్లు మిగిలింది. వీధి ఉన్న రెండో విడత ఫైలు తెరవకుండానే అటకెక్కింది. తీరం ఒకటి, మత్స్యకారుడు ఒకడు, ఉప్పుటేరు ఒకటి ఉన్నాయని నివేదిక పోయింది, కార్యాలయం కూడా మిగిలింది. వానలు పడే నాటికి మెదడు పగడం తెల్లమచ్చ అంచుల నుంచి ఆకుపచ్చ మెల్లగా లోపలికి పాకడం మొదలుపెట్టింది. తిప్పేస్వామి మళ్ళీ అంగడి తెరిచాడు.

ధ్రువపత్రం వెనక ఒక షరతు ఉంది. మత్స్యకారుడు ప్రతి పనిదినం ఉదయం పది గంటలకు సిబ్బంది ఎదుట వేట సాగించవలెను. వరసగా ఏడు రోజులు చేప పడనిచో అతడు మత్స్యకారుడు కాడు, ఇల్లు ఆక్రమణ అవుతుంది. నాలుగడుగుల తొట్టిలో, అన్ని రాళ్ళ మధ్య, రోజూ ఆ చేపను పట్టడం ఎలా అని మొదటి వారం తిప్పేస్వామికి అన్నం సహించలేదు. ఆరు రోజులు పడలేదు. ఏడో రోజు గంగరత్న మేత డబ్బా వల గరిటె పక్కనే పట్టుకుని నిలబడింది. బుడ్డప్ప వలలోకి వచ్చింది. వదిలాక కడుపు నిండా పెట్టింది. ఎనిమిదో రోజు పిలవకుండానే వచ్చింది.

ఇప్పుడు వేట ఏ ఇబ్బందీ లేకుండా సాగుతోంది. రిజిస్టరు తీసుకుని మద్దిలేటి పదీ ఇరవైకి వస్తాడు. కూర్మనాథం గారు తీరం తనిఖీకని పదకొండు దాటాక వచ్చి, కుర్చీ వేసుకుని, మజ్జిగ తాగి, అల చూసి వెళ్తారు. ఆ కార్యాలయానికి సంబంధించి రోజూ పది కొట్టేసరికి వచ్చి తన చోట సిద్ధంగా ఉండేది బుడ్డప్ప ఒక్కటే.